ఎనిమిదో తరగతి, 46 మంది పిల్లలు: ఇంగ్లిష్‌లో నిజంగా నోరు విప్పించే ఆటలు ఏవి?

తండా రోడ్డు టీచర్:

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నాను. 2024 డీఎస్సీలో వచ్చినదాన్ని, సర్వీసులో ఇంకా కొత్తే. నా ఎనిమిదో తరగతిలో 46 మంది. సగానికి పైగా చుట్టుపక్కల తండాల పిల్లలు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. చదవమంటే చదువుతారు. నోట్సులో ఉన్న జవాబు అప్పజెప్పమంటే కామా కూడా పోకుండా అప్పజెప్తారు. "వాట్ డిడ్ యు ఈట్ దిస్ మార్నింగ్?" అని అడిగితే మాత్రం అందరూ నేలచూపులే.

ట్రైనింగులో మాట్లాడించే ఆటలు ఆడించమన్నారు. కొన్ని ఆడించాను. "సైమన్ సేస్" ("సైమన్ సేస్" అంటూ నేను చెప్పిన పని వాళ్ళు చేసి చూపించాలి) పెడితే కేరింతలు కొట్టారు, కానీ ఆ పీరియడంతా మాట్లాడింది నేనొక్కదాన్నే. పదాల అంత్యాక్షరి పెడితే యాపిల్, ఎలిఫెంట్, టైగర్, ర్యాట్, మళ్ళీ టైగర్. ఒక్క వాక్యం రాలేదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి "మీ ఊరి గురించి ఒకరికొకరు ఇంగ్లిష్‌లో చెప్పుకోండి" అన్నాను. అర నిమిషంలో క్లాసు మొత్తం తెలుగులోకి, లంబాడీలోకి వెళ్ళిపోయింది. ఆ గోలకి పక్క గదిలోంచి లెక్కల సార్ వచ్చి మా తలుపు దగ్గర నిలబడ్డారు. ఏమీ అనలేదు, నిలబడ్డారంతే. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

బెంచీలు బరువు, కదపలేం. పీరియడ్ 45 నిమిషాలు. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) అంటే సుద్దముక్క, తెల్ల కాగితాలు. ఈ పరిస్థితిలో నలుగురు చురుకైన పిల్లలే కాకుండా అందరూ మాట్లాడే ఆటలు ఏమైనా ఉన్నాయా? తెలుగులోకి జారిపోకుండా ఎలా పట్టుకోవాలి? మీరు క్లాసులో ఆడించినవే చెప్పండి, వీడియోల్లో చూసినవి వద్దు.

కూకట్‌పల్లి ట్రైనర్:

మేడమ్, జామ్ మొదలుపెట్టండి. జస్ట్ ఎ మినిట్. బీబీసీ రేడియోలో 1967 నుంచి వస్తున్న ఆట అది. టాపిక్ ఇస్తారు, ఆగకుండా, చెప్పిందే చెప్పకుండా, పక్కకు పోకుండా ఒక నిమిషం మాట్లాడాలి. నేను ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఇస్తుంటాను. ఇప్పుడు చాలా ఇంటర్వ్యూల్లో జామ్ ఒక రౌండు. బీటెక్ ఫైనలియర్ పిల్లలు నా ముందు నిలబడి "మైసెల్ఫ్ సో అండ్ సో" అని మొదలుపెట్టి పది సెకన్లలో ఆగిపోతారు. ఎనిమిదో తరగతి నుంచే స్టేజీ ఎక్కించి ఉంటే వాళ్ళకి ఈ కష్టం ఉండేది కాదు. రోజుకి అయిదుగురిని లేపండి, రెండు వారాల్లో అందరి వంతూ అయిపోతుంది. భయం అలాగే పోతుంది, వేరే మందు లేదు.

గోదారి గట్టు మాస్టారు:

ఊరి గురించి చెప్పుకోమన్నారు, బాగానే ఉందండీ. కానీ ఆ ఇద్దరిదీ ఒకే ఊరు కదా. ఒకే తండా నుంచి ఒకే ఆటోలో వచ్చి ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు. వాడికి తెలియనిది వీడి దగ్గర ఏముంది? ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరికీ రాని భాషలో చెప్పుకోమంటే ఎవరైనా అర నిమిషం ప్రయత్నించి మానేస్తారు. మన స్టాఫ్ రూమ్‌లో మనకి పెట్టినా అంతే.

నేను పశ్చిమ గోదావరిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ ఆట పెట్టబోయినా ముందు ఒకటే చూసుకునేవాణ్ణి: ఒకరి దగ్గరున్న సంగతి రెండోవారి దగ్గర ఉండకూడదు, అది తెలిస్తేగానీ ఆట ముందుకు కదలకూడదు. పాయింట్లు, చప్పట్లు, బహుమతి పెన్ను, అవన్నీ తర్వాత. "సైమన్ సేస్"లో పిల్లలు ఎగిరి గంతులేసినా నోరు విప్పలేదంటే, వాళ్ళు చెప్పాల్సింది ఏమీ లేదు కాబట్టే. వినడం అలవాటు చేయడానికి అది మంచి ఆట. ఆరో తరగతికి జూన్‌లో వాడుకోండి.

ఇది నా సొంత తెలివి కాదు. బెంగళూరు రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌కి ట్రైనింగుకి వెళ్ళినప్పుడు ఎన్.ఎస్. ప్రభు గారి గురించి విన్నాను. ఆయన మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేస్తూ 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలో మామూలు బళ్ళలో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. గ్రామర్ పాఠం పక్కనపెట్టి రైల్వే టైమ్‌టేబుల్, ఊరి మ్యాపు లాంటివి ఇచ్చి ఏదో ఒకటి తేల్చమనేవారు. ఏ బండి ఎక్కితే ముందు చేరతాం, ఏ దారి దగ్గర, ఇలాంటివి. తేల్చే గొడవలో పడితే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. తమాషా ఏమిటంటే, పిల్లల్ని జంటలుగా, గుంపులుగా కూర్చోబెట్టడం ప్రభు గారికి పెద్దగా నచ్చదు. ఒకరి తప్పుడు ఇంగ్లిష్ ఇంకొకరికి అంటుతుందని. ఈ ఒక్క విషయంలో నేను ఆయన మాట వినలేదు. లెక్క మీరే చూడండి. 46 మందిని ఒక్కొక్కరిగా లేపితే, హాజరు తీసుకోవడం మానేసినా, 45 నిమిషాల్లో తలకి నిమిషం రాదు. జంటలుగా చేస్తే 23 మంది ఒకేసారి మాట్లాడతారు, 23 మంది వింటారు. తప్పులతో మాట్లాడితే మాట్లాడనీయండి.

మీ క్లాసుకి సరిపడే ఆట ఒకటి వివరంగా చెబుతాను. సంత ఆట అనేవాళ్ళం. ఒక కాగితం మీద పది కూరగాయల పేర్లు రాసి అయిదింటికి ధరలు వేయండి, మిగతా అయిదూ ఖాళీ. రెండో కాగితంలో ఆ అయిదింటికి ధరలు వేసి మొదటివి ఖాళీగా ఉంచండి. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ చెరొకటి. మధ్యలో స్కూలు బ్యాగు అడ్డం. బెంచీలు కదపనక్కర్లేదు. "హౌ మచ్ ఆర్ ద టమాటాస్?" "థర్టీ రూపీస్ ఎ కేజీ." ఇలా అడిగి ఖాళీలు నింపుకోవాలి.

ఇందులో కిటుకు ధరల్లో ఉంది. ఒక కాగితంలో చింతచిగురు 15, చిక్కుడు 50 పెట్టండి. రెండోదానిలో కొత్తిమీర కట్ట 13, దోసకాయ 30 పెట్టండి. "ఫిఫ్టీన్" అనాల్సింది "ఫిఫ్టీ" అనిపిస్తే ఖాళీలో తప్పు ధర పడిపోతుంది. ఆఖర్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. "నువ్వు ఫిఫ్టీ అన్నావు", "కాదు, ఫిఫ్టీన్ అన్నాను" అని కొట్లాట మొదలవుతుంది. అప్పుడు బోర్డు దగ్గరకెళ్ళి ఒకదానిలో ఒత్తు మొదట, రెండోదానిలో చివర అని పలికి చూపించండి. మామూలు రోజున ఉచ్చారణ గురించి చెబితే కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు కూడా ఆ రోజు వింటారు, ఎందుకంటే ఎవరు గెలిచారన్నది ఆ ఒత్తు మీద ఆధారపడి ఉంది.

ఖాళీలు నిండాక వదిలేయకండి. "మీ ఇద్దరి దగ్గరా కలిపి 200 రూపాయలు. పెళ్ళివారు వస్తున్నారు, నాలుగు రకాలు కొనాలి, డబ్బు మిగలకూడదు, చాలకపోకూడదు" అనండి. ఈసారి లెక్క కూడా కలిసింది కాబట్టి ఇంగ్లిష్‌లో వెనకబడి లెక్కల్లో ముందున్న పిల్లాడికి జంటలో విలువ వస్తుంది. లెక్కల సార్‌కి కూడా చెప్పుకోవచ్చు.

ఇక తెలుగులోకి జారడం సంగతి. ఒకరోజు తిట్టకుండా, అడ్డం పడకుండా, ఎక్కడ జారుతున్నారో చెవి పెట్టి వినండి. ధర అడిగే దగ్గర జారరు, ఆ వాక్యం బోర్డు మీదే ఉంది. "ఏయ్, చూడకురా", "నీ వంతు", "మళ్ళీ చెప్పు", "ఆగాగు, రాసుకోనీ", "తప్పు అది". ఈ మాటల దగ్గర జారతారు. ఆట మనం ఇంగ్లిష్‌లో ఇచ్చాం గానీ, ఆట ఆడుకునేటప్పుడు అనుకునే మాటలు ఇవ్వలేదు. "డోంట్ లుక్", "యువర్ టర్న్", "సే ఇట్ అగైన్", "వెయిట్, వెయిట్", "నో, దట్స్ రాంగ్". ఇవి ఒక చార్టు మీద పెద్దక్షరాలతో రాసి ఏడాదంతా గోడకి ఉంచండి. ఏ ఆటకైనా ఇవే. ఆటకి ముందు ఏడెనిమిది నిమిషాలు ఆ రోజు వాక్యాలు అందరితో కలిపి పలికించండి. ఆ నిమిషాలు మిగుల్చుకుందామని నేరుగా ఆటలోకి దిగితే ఆటంతా తెలుగే.

తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా అనే బళ్ళు చూశాను. అక్కడ పిల్లలు రెండు భాషల్లోనూ నోరు మూసుకున్నారు. మీ తండా పిల్లలు ఇప్పటికే ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష నడుపుతున్నారు. భాష మార్చడం వాళ్ళకి మనకన్నా అలవాటు. ఆలోచించుకునేటప్పుడు లంబాడీలో గుసగుసలాడుకోనీయండి, ఆట మొదలయ్యాక ఇంగ్లిష్ అని గీత గీయండి.

"అవుట్" ఉండే ఆటలు మానేయండి. మాట్లాడే అవసరం బాగా ఉన్నవాడే అందరికన్నా ముందు అవుటవుతాడు. మిగతా అరగంట వాడు గోడకి ఆనుకుని కూర్చుంటే, క్లాస్ ఫస్ట్ అమ్మాయి ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది.

ఎనిమిదో తరగతికి నాకు బాగా ఇష్టమైనది దొంగ-పోలీస్. రాజు, రాణి, మంత్రి చీటీలాట కాదు, ఇది వేరు. "నిన్న సాయంత్రం ఆరుకీ ఎనిమిదికీ మధ్య బడి గంట ఎవరో ఎత్తుకెళ్ళారు" అని మొదలుపెట్టండి. ఇద్దరి మీద అనుమానం. ఆ టైముకి మేమిద్దరం కలిసి వేరేచోట ఉన్నామని వాళ్ళ వాదన. ఇద్దరూ వరండాలో నిలబడి కథ కుదుర్చుకుంటారు. ఈలోగా పోలీసులు ప్రశ్నలు రాసుకుంటారు. తర్వాత విడివిడిగా పిలిచి అవే ప్రశ్నలు ఇద్దరినీ అడుగుతారు. "వేర్ వర్ యు ఎట్ సెవెన్?" "వాట్ వజ్ హి వేరింగ్?" "హూ పెయిడ్?" కథలు కలవకపోతే దొరికినట్టే. ఒక్క జంటనే దొంగల్ని చేస్తే మిగతా 44 మంది ప్రేక్షకులవుతారు. అందుకని ఆరు గుంపులు చేసి, ప్రతి గుంపుకీ దానిలోంచే ఇద్దరు దొంగల్ని పెట్టండి. ఒకణ్ణి అడుగుతుంటే రెండోవాడు వరండాలో. అంటే ప్రశ్నలడుగుతున్నంతసేపూ బయట ఆరుగురే, హెచ్‌ఎం గారు చూసినా కంగారు పడరు.

పాస్ట్ టెన్స్ అంత ఇష్టంగా ఇంకెక్కడా వాడరు. "వై డిడ్ యు వెంట్ దేర్?" లాంటివి కుప్పలుగా వస్తాయి, అప్పుడు మాత్రం ఆపకండి. చిన్న నోటుబుక్కులో రాసుకుంటూ తిరగండి. ఆట అయ్యాక అలాంటివి ఓ అయిదు, పేర్లు లేకుండా బోర్డు మీద రాస్తే పిల్లలే దిద్దుతారు.

బొమ్మ చెప్పి గీయించే ఆట కూడా మంచిదే, ఒకరు చూసి చెప్పాలి, రెండోవారు చూడకుండా గీయాలి. "టేబుల్ అండర్ క్యాట్" అని మన తెలుగు వరస బయటపడేది అక్కడే. గీసినవాడు బల్ల మీద పిల్లిని పెట్టి చూపిస్తే చెప్పినవాడికి తెలిసొస్తుంది.

గోల గురించి ఒక మాట. పక్కవాడికి వినిపిస్తే చాలు, ముందు బెంచీకి వినిపిస్తే ఆ జంటకి పాయింటు పోతుందని చెప్పండి. లెక్కల సార్ గది పిల్లలు గ్రౌండ్‌కి వెళ్ళే పీరియడ్ ఏదో కనుక్కుని ఆటలు దానికి పెట్టుకోండి. చెట్టు కింద ఆడిద్దామనిపిస్తుంది గానీ గాలికి కాగితాలు ఎగురుతాయి, మాట వినపడక అరుచుకుంటారు. గదే నయం.

న్యూజెర్సీ ఖమ్మం అమ్మాయి:

నేను టీచర్ని కాదు, కానీ ఇలాంటి ఆటలకి బలైన విద్యార్థిని. పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఉచితంగా జరిగే ఇంగ్లిష్ మాటల క్లాసుకి వెళ్ళేదాన్ని. వాలంటీర్లు నడిపేవాళ్ళు. కొరియా, బ్రెజిల్, ఈక్వెడార్ వాళ్ళం ఒక బల్ల చుట్టూ.

మేడమ్ గారికి రెండు సంగతులు చెప్పాలనిపించింది. ఒకటి, రెడీమేడ్ కార్డులు కొనకండి, నెట్‌లోంచి ప్రింటు తీయకండి. మాకు ట్యాబూ ఆడించేవాళ్ళు. కార్డు మీద ఒక మాట ఉంటుంది, దాన్ని అనకుండా, కింద రాసిన మరికొన్ని మాటలూ అనకుండా వర్ణించాలి, మిగతావాళ్ళు కనుక్కోవాలి. నాకొచ్చిన కార్డు బేస్‌బాల్‌లో ఏదో ఒక పొజిషన్. నేను మూగదాన్నయ్యాను. నాకు ఇంగ్లిష్ రాక కాదు, ఆ వస్తువే తెలియదు. బల్ల చుట్టూ అందరూ మర్యాదగా నవ్వారు, నాకు ఒళ్ళు మండింది. తర్వాత వారం ఒకావిడ ఖాళీ కార్డులు తెచ్చి మీ దేశం మాటలు మీరే రాయండి అంది. నేను "బోరు బావి" రాశాను. నీళ్ళు, మోటారు, తవ్వడం, ఈ మూడూ అనకూడదు. బ్రెజిల్ ఆవిడకి దాని గురించి చెప్పడానికి ఎంత ఇంగ్లిష్ వాడానో నాకే ఆశ్చర్యం. కరువు, లోతు, అప్పు, ఇనుప గొట్టం, అన్నీ వచ్చేశాయి. మీ పిల్లలతో బతుకమ్మ, రేషన్ షాపు, షేర్ ఆటో, పత్తి ఏరడం, లంబాడీల తీజ్ పండగ ఇలాంటివి రాయించండి. అనకూడని మాటలు కూడా వాళ్ళతోనే రాయించండి. ఆ పని కోసం డిక్షనరీ తెరుస్తారు.

రెండోది, ఆటకి ముందు రెండు నిమిషాలు రాసుకునే టైము ఇవ్వండి. "రెండు నిజాలు, ఒక అబద్ధం" అని ఒక ఆట ఆడేవాళ్ళం, మన గురించి మూడు వాక్యాలు చెబితే అబద్ధం ఏదో మిగతావాళ్ళు కనిపెట్టాలి. ముగ్గురు మనుషులు గలగలా చెప్పేస్తుంటే నేను నా వంతు ఎప్పుడొస్తుందో అని చూస్తూ వాళ్ళు చెప్పింది ఒక్క ముక్క వినేదాన్ని కాదు. కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోమన్న రోజున మాత్రం ప్రశాంతంగా విన్నాను, ప్రశ్నలు కూడా వేశాను. ఈ ఆట మీరు పెడితే ఇంటి సంగతులు వద్దని చెప్పండి. పెద్దవాళ్ళం కాబట్టి మేం ఏది దాచుకోవాలో దాచుకున్నాం. పిల్లలు అమాయకంగా ఇంట్లో గొడవల గురించి నిజం చెప్పేస్తే రేపు క్లాసులో అదే పేరు పెట్టి పిలుస్తారు. ఆటలు, తిండి, చేసిన ప్రయాణాలు చాలు.

కూకట్‌పల్లి ట్రైనర్:

మాస్టారూ, మీ సంత ఆట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్వ్యూలో ఎవరూ టమాటా ధర అడగరు. బ్యాగు అడ్డం పెట్టుకుని గుసగుసలాడిన పిల్లాడు నలుగురి ముందు నిలబడితే మళ్ళీ మొదటికే వస్తాడు. ఎప్పటికైనా స్టేజీ ఎక్కాల్సిందే కదా?

గోదారి గట్టు మాస్టారు:

ఎక్కాల్సిందే నాయనా. ఎప్పుడన్నదే మన తగువు. మీ దగ్గరకొచ్చేది ఇరవై ఏళ్ళ వాళ్ళు, ఉద్యోగం కావాలన్న ఆత్రంతో వస్తారు, భయపడినా నిలబడతారు. పదమూడేళ్ళ పిల్లని లేపి 45 మంది ముందు నిమిషం మాట్లాడమంటే, ఆగినప్పుడల్లా వెనక బెంచీ కిసుక్కుమంటే, ఆ పిల్ల మర్నాడు జ్వరమని బడి మానేస్తుంది. పైగా మీరు చెప్పిన లెక్కలో రోజుకి అయిదుగురే మాట్లాడతారు, మిగతావాళ్ళు తమ వంతు రాకూడదని దండం పెట్టుకుంటూ కూర్చుంటారు. ఖమ్మం అమ్మాయి చెప్పింది చదివారు కదా.

జామ్ కన్నా ముందు ఒక మెట్టు ఉంది. 4-3-2 అంటారు. న్యూజిలాండ్ ప్రొఫెసర్ పాల్ నేషన్ రాసినదాని వల్ల చాలామందికి తెలిసింది. ఒకే సంగతిని ముగ్గురికి చెప్పాలి. మొదటివారికి నాలుగు నిమిషాల్లో, రెండోవారికి మూడు, మూడోవారికి రెండు. ప్రతిసారీ వినేవారు కొత్తవాళ్ళు కాబట్టి చెప్పిందే చెప్పినా విసుగు ఉండదు, టైము తగ్గుతుంది కాబట్టి తడుముకోవడం తగ్గుతుంది. ఎనిమిదో తరగతికి నాలుగు నిమిషాలు చాలా ఎక్కువ. రెండు, ఒకటిన్నర, ఒకటి చాలు. బెంచీలు కదలవు కాబట్టి బెంచీ ఆ చివర పిల్లలు మాత్రం ఒక్కో వరస వెనక్కి జరుగుతారు, ఈ చివర వాళ్ళు కదలరు. చూశారా, మూడోసారి మాట్లాడింది మీ ఒక్క నిమిషమే. ఆ పిల్లని అప్పుడు లేపండి, స్టేజీ మీదకి నేనే పంపిస్తాను.

తండా రోడ్డు టీచర్:

అందరికీ థ్యాంక్స్. ఏం జరిగిందో చెబుదామని వచ్చాను.

సంత ఆట ఆడించాను. చింతచిగురు దగ్గర మీరన్నట్టే పోట్లాడుకున్నారు మాస్టారూ. 200 రూపాయల లెక్క దగ్గర మాత్రం మొత్తం లంబాడీలోకి వెళ్ళిపోయారు, లెక్కలు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చేస్తారు కాబోలు. చివరికి కొన్నవి మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పించాను. "డోంట్ లుక్" ఇప్పుడు మా బడిలో ఊతపదం అయిపోయింది, మధ్యాహ్న భోజనం లైన్లో కూడా అంటున్నారు.

దొంగ-పోలీస్ ఒక పీరియడ్‌లో అవదు, ఎవరైనా ఆడించబోతే రెండు పీరియడ్లు పక్కపక్కన ఉండేలా చూసుకోండి. ఒక గుంపులో దొంగలు దేవరకొండలో బిర్యానీ తిన్నామన్నారు. హోటల్ పేరు కలిసింది, బిల్లు కలిసింది, పక్క టేబుల్ మీద ఎవరున్నారన్నది కూడా కలిసింది. "హౌ డిడ్ యు కమ్ బ్యాక్?" దగ్గర ఒకడు బస్సన్నాడు, ఒకడు ఆటో అన్నాడు. ఆ ప్రశ్న వేసింది ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే పిల్ల, ఎందుకంటే ఆ టైముకి వాళ్ళ తండాకి బస్సు లేదని ఆ పిల్లకి తెలుసు. "నో బస్! నో బస్ ఎట్ ఎయిట్!" అని లేచి అరిచింది. గ్రామర్ సంగతి తర్వాత చూసుకుంటాను.

ట్యాబూ కార్డులు రాయించడం మొదలుపెట్టాం. కానీ కాగితం ముక్కలు రెండు రోజుల్లో నలిగిపోతున్నాయి. ఇంకో సమస్య, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో మార్కులు వేసే మదింపు) దగ్గరకొస్తోంది, ఈ ఆటల్లో మాట్లాడినదానికి మార్కులు ఎలా వేయాలి? 46 మందిని ఒకేసారి వినడం నా వల్ల కావడం లేదు. హెచ్‌ఎం గారు రికార్డు చూపించమంటారు.

సిక్కోలు టీచరమ్మ:

ఒకేసారి వినకండి మేడమ్. ఒక్కో ఆటకి ఒక వరస, ఏడెనిమిది మందిని మాత్రమే వినాలని ముందే రాసిపెట్టుకోండి. ఎవరిని వింటున్నారో పిల్లలకి చెప్పకండి, చెబితే వాళ్ళు బిగుసుకుపోతారు, మిగతావాళ్ళు తెలుగులోకి దిగుతారు. నేను చూసేవి మూడే: అడిగినదానికి అర్థమయ్యేలా జవాబు వచ్చిందా, అర్థంకాకపోతే ఇంగ్లిష్‌లో మళ్ళీ అడిగిందా, ఎదుటివాళ్ళకి వంతు ఇచ్చిందా. ఒక్కోదానికి టిక్కు. "వెంట్", "గో" తప్పులకి ఇక్కడ మార్కులు తీయను, అవి రాత పరీక్షలో ఎలాగూ పోతాయి. టిక్కుల రిజిస్టరు తేదీతో సహా ఉంటే హెచ్‌ఎం గారికి అదే రికార్డు. కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరం కలిసేది) ఒకసారి నాదీ అడిగారు, చూపించాను, మారుమాట లేదు.

కార్డులకి పాత క్యాలెండర్ అట్టలు వాడండి. వెనక తెల్లగా ఉంటుంది, స్కెచ్ పెన్నుతో రాసి మీద వెడల్పు సెల్లోటేపు అతికిస్తే ఏడాది వస్తాయి. జనవరిలో కిరాణా కొట్టువాళ్ళని అడిగితే కిందటేడువి ఊరికే ఇచ్చేస్తారు. మీ పిల్లలు రాసిన తీజ్ కార్డు ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మా పిల్లలకి అది తెలియదు, కనుక్కోగలరేమో ఆడించి చూస్తాను. బదులుగా మావాళ్ళు రాసిన సిరిమాను (విజయనగరం పైడితల్లమ్మ జాతరలోది) కార్డు పంపుతాను.